ఎముక కణాలు ఏమన్నాయి?

"మీరు కడిగితేనే బంగారం ఎర్రగా వస్తుందమ్మా!" అంటూ ప్రయోగశాల పెద్దాయన ఖాళీ గాజు సీసాల ట్రే ఆమె ముందు పెట్టాడు. పొగడ్తే మరి. ఇలాంటి పొగడ్తలకు ఇంటి దగ్గరా కొదవలేదు. "నువ్వు తోమితేనే గిన్నెల జిడ్డు వదులుతుంది" అని పెళ్లైన కొత్తలో భర్త అన్నాడు. పాపం, ఆ మాట మీదే ఇప్పటికీ నిలబడ్డాడు.

బంగారాన్ని కంటికి ఆనని రేణువులుగా నీళ్లలో తయారుచేస్తే ఆ నీళ్లు ఎర్రబడతాయి. సీసాలో కాస్త ఉప్పు మిగిలినా రేణువులు ముద్దకట్టి నీలమైపోతాయి. మొన్న తోటి పరిశోధకుడు సీసాలను ఉప్పు అంశాలుండే కుళాయి నీళ్లతో కడిగి వదిలేశాడు. తప్పు అతనిది. కడగడం మాత్రం ఆమె నెత్తిన పడింది.

ఆమె ప్రాణమంతా పక్క గదిలో, మైక్రోస్కోప్ దగ్గర ఉంది. నెలల తరబడి పసిపిల్లల్లా సాకిన ఎముక కణాలవి. వాటికి ఇనుముకు తుప్పులా లోపల్నుంచి తినేసే మందు, వాపు రేపే మందు పెట్టి బాగా సతాయించింది. వాటిలో సగానికి మాత్రం ఆ బంగారపు ఎర్రనీళ్లు పోసింది. యాతన పడే కణం, రంగు వేస్తే ఆకుపచ్చగా వెలుగుతుంది. బంగారం ఊరటనిస్తే ఆ వెలుగు తగ్గాలి. తగ్గిందా? లోపల ఏం జరిగి ఉంటుంది? వేసిన రంగు ఎంతోసేపు నిలవదు కూడా.

పొద్దున అత్తగారు మోకాళ్లు నిమురుకుంటూ అడిగింది. "బంగారం పోస్తే నీ ఎముకలు ఏమన్నాయే?"

"ఇవాళే అడగాలి అత్తయ్యా."

"ముందు టిఫిన్ ఏమంటుందో అడుగు" అని భర్త నవ్వాడు. ఆమె పని గురించి ఆ ఇంట్లో అడిగే మనిషి అత్తగారొక్కతే.

"ఆ కణాల సంగతి మీ తోటి పరిశోధకుడు చూస్తాడులెండి" అన్నాడు పెద్దాయన, సీసాల ట్రే ఇంకాస్త ముందుకు జరుపుతూ. "చూడటానికేముంది?"

ఆమెకు ఒళ్లు మండింది. ప్రశ్న తనది, చాకిరీ తనది, జవాబు ముందుగా చూసే కళ్లు మాత్రం ఇంకొకరివా?

"సీసాలు అతన్ని కడగమనండి సార్. ఎలా కడగాలో రేపు నేర్పిస్తాను" అని ట్రే ఆయన చేతుల్లో పెట్టి, పక్క గదిలోకి వెళ్లింది.

ఒకవైపు కణాలు పచ్చగా భగ్గుమంటున్నాయి. బంగారం తాగినవైపు వెలుగు మసకబారింది. మరి ఆ మూలన ఇంకా వెలుగుతున్న నాలుగు కణాలూ ఎందుకు మాట వినలేదు? ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.

పెద్దాయన తలుపులోంచి తొంగిచూశాడు. "ఏమైందమ్మా? ఏదీ, జరగండి, చూద్దాం."

ఆమె తల ఎత్తలేదు.

"ఉండండి. నేనింకా చూస్తున్నాను."