రెండే క్లిక్కులు

కెమెరా కంపెనీవాళ్లు మా మరిదికి ఒక ఫారం పంపారు. ఫొటోలు మాత్రమే తీసేవాళ్లు తమ మిర్రర్‌లెస్, అంటే లోపల అద్దం లేని, కెమెరాల్లో ఇంకా ఏమేం ఉండాలని కోరుకుంటున్నారో రాయమని అడిగారు. కింద ఇరవై గీతలు గీశారు. మా మరిది సంగతి వాళ్లకు తెలియదు కనుక ఇరవైతో సరిపెట్టారు.

స్టూడియో మావయ్యగారు పెట్టింది. ఆయన తర్వాత మా ఆయన నడిపారు, మా ఆయన పోయాక మరిది నడుపుతున్నాడు. నేను ముందుగదిలో కూర్చుని ఫొటోలు కత్తిరించి కవర్లలో పెడతాను. ఫారం నింపే పని కూడా నా మీదే పడింది. మా మరిదికి కూర్చుంటే ఆలోచన రాదు, నడుస్తూ రాయడం రాదు.

"రాయి వదినా. ఒకటి. మాకు వీడియో అక్కర్లేదు. కనీసం ఆ ఎర్ర బటన్ తీసేయమను. బొటనవేలు ఎక్కడ పెడితే సరిగ్గా అక్కడే ఉంటుంది. మొన్న ఒక పెళ్లింట్లో ఫొటో అనుకుని నొక్కితే, పావుగంట నా చెప్పుల్ని వీడియో తీసింది."

"చెప్పులు బాగా వచ్చాయా?"

"వదినా!"

నేను రాసేది నిదానంగా. ఒక కోరిక పూర్తిచేసేలోగా అతను ఇంకో మూడు కోరి, మొదటిదాన్ని మార్చేవాడు. లెన్సు విప్పగానే లోపలికి దుమ్ము పోకుండా దానంతటదే మూసుకునే తలుపు కావాలన్నాడు. బ్యాటరీ అయిపోతున్న సంగతి బతికుండగానే చెప్పాలన్నాడు. నిన్న ఎవరో మార్చేసిన సెట్టింగులన్నీ ఒక్క తిప్పుతో మామూలుకు రావాలన్నాడు. ఆ ఎవరో తనే. రెండు నిమిషాలు ముట్టుకోనంతమాత్రాన కెమెరా నిద్రపోకూడదన్నాడు. ఈ మాట అంటున్నప్పుడు టైము మధ్యాహ్నం పన్నెండు, అతను లేచి గంటన్నర అయింది.

గీతలు అయిపోయాయి. పక్కన ఖాళీలో ఇరవై ఒకటి, ఇరవై రెండు కూడా రాశాను. పెళ్లికి ముందు పిల్ల గురించి కూడా ఇన్ని కోరలేదు మా మరిది.

ఆ కెమెరా వచ్చి నాలుగు నెలలైంది. దాంతో వచ్చిన పుస్తకం ఆరువందల పేజీలు. ఇంట్లో అది చదివింది నేనొక్కదాన్నే. ఏదైనా మొదలుపెడితే అట్ట నుంచి అట్ట దాకా చదవడం నాకు ఆలస్యంగా పట్టిన జబ్బు. మరిదికి చదువు చిన్నప్పుడే వచ్చేసింది, అందుకని ఇప్పుడు చదవాల్సిన అవసరం లేదు.

ఆ రోజు మాకు ఫారం కన్నా పెద్ద పని ఇంకొకటి ఉంది. మావయ్యగారి ఫొటో.

మావయ్యగారికి ఎనభై నిండాయి. నలభై ఏళ్లు ఊరందరినీ "కదలకండి" అని కూర్చోబెట్టిన మనిషి, తను మాత్రం ఏ ఫొటోకూ కూర్చోలేదు. ఫొటోలు తీసేవాళ్ల ఇళ్లలో ఫొటోలకే కరువు. మా ఆయన పోయినప్పుడు గోడకు పెట్టడానికి ఇల్లంతా వెతికాం. ఆయన తీసినవి పెట్టెల నిండా ఉన్నాయి. పెద్దయ్యాక ఆయన ఉన్నది ఒకే ఒక్కటి దొరికింది. ఎవరో పెళ్లివారు "మీరూ రండి" అని పట్టుబడితే, టైమర్ పెట్టి పది సెకన్లలో వరుస చివరికి పరుగెత్తారట. పూర్తిగా అందుకోలేదు. జుట్టు ఎగిరి, మెడ పక్కకు తిరిగి, నోరు సగం తెరిచి, కళ్లు మాత్రం ఇంతింత చేసుకుని ఉన్నారు. అందులోంచి ముఖం ఒక్కటీ కత్తిరించి పెద్దది చేయించాం. తొమ్మిదేళ్లుగా మా ఆయన మా గోడ మీద పరుగెత్తుతూనే ఉన్నారు.

మావయ్యగారికి ఆ గతి పట్టకూడదని నా పంతం. నిదానంగా కూర్చున్న ముఖం, నిండుగా, ఒక్కటి చాలు. మూడు నెలలు బతిమాలితే ఒప్పుకున్నారు, అదీ ఒక షరతు మీద. ఫిల్ము రీలు రోజుల్లో ఆయన ఎవరికైనా రెండే క్లిక్కులు ఇచ్చేవారు. ఒకటి ఫొటోకి. ఇంకొకటి, మొదటిదాంట్లో కళ్లు మూసుకుంటే పనికొస్తుందని. మూడోది జడ్జిగారు అడిగినా ఇవ్వలేదు.

"నాకూ రెండే. తర్వాత లేచి నా పని చూసుకుంటాను. మళ్లీ ఆ మాట ఎత్తకూడదు" అన్నారు. ఆయన అన్నారంటే ఇక అంతే.

మరిది లోపలి గదిలో తెర సర్ది దీపాలు పెట్టాడు. మావయ్యగారు ముందుగదిలో తన కుర్చీలోంచి కదలలేదు. ఆ కుర్చీ వెనక గోడ మీదే మా ఆయన ఫొటో ఉంది.

"లోపలికి రండి నాన్నా, తెర ముందు కూర్చుందురుగాని."

"తెర ముందు కూర్చునేవాళ్లు కస్టమర్లు. నేను ఇక్కడే కూర్చుంటాను. తీస్తే తియ్యి."

మరిది దీపాలు ముందుగదికి మోసుకొచ్చాడు. మావయ్యగారు కెమెరాను ఎగాదిగా చూశారు.

"దీంట్లో అద్దం తీసేశారటగా?"

"అవును నాన్నా. ఇప్పుడన్నీ అంతే."

"మంచిపని చేశారు. నీ మొహం నువ్వు చూసుకునే బాధ లేదు."

"ఫోకస్ కూడా మనం పెట్టక్కర్లేదు. మనిషి కళ్లు ఎక్కడున్నాయో అదే వెతుక్కుంటుంది."

"మరి నువ్వెందుకు?"

దానికి జవాబు పుస్తకంలో కూడా లేదు. మరిది కెమెరా ఎత్తి నొక్కాడు. టకామని శబ్దం వచ్చింది.

"ఒకటి" అన్నారు మావయ్యగారు.

మరిది కెమెరా వెనక్కి తిప్పి చూసుకుని నన్ను పిలిచాడు. నేను వెళ్లి చూశాను. తెర మీద ఒక మూల, చీమల్లాంటి అక్షరాలతో, కార్డు లేదని రాసి ఉంది. ఫొటోలు దాచుకునే కార్డు పొద్దున్నించీ కంప్యూటర్లోనే ఉంది. కెమెరా ఏమీ తీయకుండానే తీసినట్టు నటించింది. ఆ టకటక కూడా నోటితో చేసిన చప్పుడే.

"కార్డు లేకుండా ఎలా క్లిక్‌మంటుంది వదినా?"

"రెండొందల పద్నాలుగో పేజీ. దుకాణంలో కొనేవాళ్లు నొక్కి చూసుకోవడానికి పెట్టిన సౌకర్యం. వద్దనుకుంటే మనమే తీసేసుకోవాలి."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నువ్వప్పుడు నీ చెప్పుల వీడియో చూసుకుంటున్నావు."

నేను మావయ్యగారి వైపు తిరిగాను. "అది లెక్కలోకి రాదు మావయ్యగారూ. లోపల కార్డే లేదు."

"రీలు ఎక్కించడం మరిచిపోయి నేనూ ఒకసారి ఒక పెళ్లి మొత్తం తీశాను" అన్నారాయన. "నాకోసం వాళ్లు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. ఒకటి అయింది."

మరిది కార్డు తెచ్చి పెట్టాడు. ఎర్ర బటన్ మీద వేలు పడకుండా అరచెయ్యి వంకర తిప్పి పట్టుకున్నాడు. ఈలోగా కెమెరా నిద్రపోయింది. దాన్ని లేపాడు. నేను మావయ్యగారి కాలరు సర్దాను. కళ్లద్దాలు తుడిచి పెట్టాను. ఆయన నడుము నిటారుగా చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని, గడ్డం కాస్త దించారు. ఆ ముఖం నేను కోరుకున్న ముఖమే.

"పట్టుకుంది వదినా! ఆకుపచ్చ గడి కంటి మీద కూర్చుంది" అని మరిది నొక్కాడు.

"రెండు" అని మావయ్యగారు లేచి నిలబడ్డారు.

కంప్యూటర్లో పెద్దది చేసి చూశాం. మావయ్యగారు ఆవిరి పట్టిన గాజు వెనక ఉన్నట్టు మసకగా ఉన్నారు. ఆయన భుజం పక్కన గోడ మీద మా ఆయన జుట్టు ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టొచ్చు. నేను శుభ్రంగా తుడిచి పెట్టిన కళ్లద్దాల మీద దీపం వెలుగు పడి మావయ్యగారి కళ్లు కనపడలేదు. కెమెరా గదంతా వెతికి, ఎవరి కళ్లు బాగా తెరిచి ఉన్నాయో వాళ్లను పట్టుకుంది.

మూడు నెలల బతిమాలుడు. మరిది ఫారం తెచ్చి నా ముందు పెట్టాడు.

"రాయి వదినా! ఇరవై మూడు. మనిషేదో గోడేదో తెలుసుకునే జ్ఞానం కావాలి. గోడ మీద ముఖాలను పట్టుకోకూడదు. పెద్ద అక్షరాలతో రాయి!"

నేను రాయడం మొదలుపెట్టాను. మావయ్యగారు వచ్చి కళ్లద్దాలు తీసి, ముక్కు తెరకు ఆనేంత దగ్గరగా వంగారు.

"వీడెప్పుడొచ్చాడు ఇందులోకి?"

"మీ వెనక గోడ మీద ఉన్నారుగా మావయ్యగారూ."

"వాడికి మీసాలొచ్చాక మేమిద్దరం ఒక ఫొటోలో లేము. ఎప్పుడూ ఎవడో ఒకడు కెమెరా వెనక ఉండాల్సి వచ్చేది." వేలితో తెర మీద మా ఆయన ఎగిరే జుట్టును తాకారు. "చూడు, ఎలా పరుగెత్తుకొచ్చాడో. అందుకున్నాడు వెధవ."

గోడ మీద ఒంటరిగా ఉన్నంతకాలం ఆయన ఎక్కడికి పరుగెత్తుతున్నారో నాకు తోచలేదు. ఇందులో వాళ్ల నాన్న భుజం దగ్గరికి పరుగెత్తుతున్నారు.

"కానీ మీరు మసకగా ఉన్నారు నాన్నా" అన్నాడు మరిది. "ఇంకొక్కటి..."

"మూడోది లేదు." మావయ్యగారు కళ్లద్దాలు పెట్టుకున్నారు. "అమ్మాయ్, ఆ ఇరవై మూడోది రాశావా?"

"సగం రాశాను."

"కొట్టెయ్."

కొట్టేశాను. ఇరవై రెండు కోరికలతో ఫారం వెళ్లింది. కంపెనీ నుంచి ధన్యవాదాలు వచ్చాయి, కొత్త కెమెరాలో వీడియో ఇంకా బాగుంటుందని కూడా రాశారు.

ఆ ఫొటో ముందుగదిలోనే పెట్టాం. వచ్చినవాళ్లు కవరు తీసుకుంటూ దాని వైపు చూసి, స్టూడియో పెట్టిన పెద్దాయన ఫొటో ఇంత మసకగా ఉందేమిటని అడుగుతారు.

"కొత్త కెమెరా అండీ" అంటాను. "చాలా తెలివైంది. ఎవర్ని చూడాలో అదే చూసుకుంటుంది."