అయిదు అంగుళాలు

జనార్దన్ బండి వచ్చి షెడ్డు ముందు ఆగేసరికి పరశురాం ఇటుకల డీసీఎం లారీ కింద వెల్లకిలా పడుకుని బోల్టు బిగిస్తున్నాడు. దిగాల్సినవాడు దిగలేదు, హారన్ కొట్టించాడు. పరశురాం ఆ బోల్టు పూర్తిగా బిగించి, అవసరం లేకపోయినా పక్క బోల్టును కూడా ఒక చుట్టు తిప్పాడు. హారన్ రెండోసారి మోగాక బయటికి వచ్చాడు.

మెదక్‌లో నర్సాపూర్ రోడ్డు మీద ముప్పై ఏళ్లుగా ఆయనది కమాన్ పట్టీల పని. బండి చట్రానికీ ఇరుసుకూ నడుమ ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన ఉక్కు పట్టీలే కమాన్లు. బండి బరువంతా మోసేవి అవే. వయసైపోయి సాగిన పట్టీని కొలిమిలో ఎర్రగా కాల్చి, సమ్మెటతో వంపు కొట్టి, నూనెలో ముంచి మళ్లీ పనికి తేవడం ఆయన విద్య. తండ్రి నాగళ్లు చేసిన కమ్మరి. నాగళ్లు పోయి లారీలు వచ్చాయి గానీ కొలిమి ఆరలేదు.

పరశురాంకు చాలామందంటే చులకన. బరువు మోయడానికి కాకుండా బరువుగా కనపడటానికి బండి కొనేవాళ్లంటే మరీను. వాళ్లలో జనార్దన్‌ది మొదటి వరస. టౌను పక్కనే ఉన్న ఊళ్లో ఆసామి. పొలం సగం ప్లాట్లు చేసి అమ్మాడు, మిగతా సగం కౌలుకిచ్చాడు. ఇస్త్రీ నలగని తెల్ల చొక్కా వేసుకుని రాజకీయం మొదలుపెట్టాడు. ఆ ఊరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వు కావడంతో భార్య సుశీలను నిలబెట్టాడు. గెలిచింది ఆమె, దండలు వేయించుకున్నది ఈయన. బండి అద్దం మీద 'సర్పంచ్' అని ఎర్రటి అక్షరాలుంటాయి. ముందు సీట్లో జనార్దన్ కూర్చుంటాడు. ఆ పదవి గల మనిషి ఆయన సంచి ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చుంటుంది.

బండి హైదరాబాద్‌లో ఎవరో వదిలించుకుంటుంటే కొన్న విదేశీ ఎస్‌యూవీ. తొమ్మిది మంది కూర్చోవచ్చు. నాలుగు చక్రాల మీదా కమాన్లే. ఇరవై ఏళ్ల పాతది కావడంతో పట్టీలు చచ్చుబడి, అంత పెద్ద బండీ బురదలో పడుకున్న బర్రెలా నేలకు ఆని ఉంది.

అద్దం కిందికి దిగింది.

"ఏం పరశురాం, చెవుడొచ్చిందా?"

"పని మీదున్న పటేలా. చెప్పుండ్రి."

"బండి లేపాలె. అయిదు అంగుళాలు."

"గంత ఎందుకు?"

ఆ ప్రశ్న జనార్దన్‌కు నచ్చలేదు. స్టీరింగ్ దగ్గరున్న డ్రైవర్ ఎల్లేష్ మాత్రం నోరు ఆపుకోలేకపోయాడు. "మొన్న ఏడుపాయల జాతరల పక్క మండలం లీడర్ బండి మా పక్కకొచ్చి ఆగిందన్నా. గాయన పైనుంచి కిందికి చూస్కుంట మాట్లాడిండు. మా పటేల్ తల పైకెత్తి మాట్లాడవట్టె."

"నోర్ముయ్ రా," అన్నాడు జనార్దన్.

మెడనొప్పికి దవాఖానకు పోయేవాళ్లను పరశురాం చూశాడు గానీ, కమాన్ల షెడ్డుకు వచ్చినవాణ్ణి చూడటం ఇదే మొదలు. నవ్వు బయటికి రాకుండా బండి కిందికి వంగి చూశాడు.

"ఈ పట్టీలల్ల జీవం లేదు పటేలా. నాలుగు దిక్కులా కొత్త కట్టలు వెయ్యాలె. బ్రేకు గొట్టాలు పొడుగువి కావాలె, కుదుపులాపే షాకులు పొడుగువి కావాలె. ఇగ ఎత్తు పెరిగినంక మలుపుల కాడ జర పైలంగ..."

"గవన్నీ నాకెందుకు? లేపుతవా లేదా?"

"లేపుత."

నాలుగు రోజులు పట్టింది. పరశురాం, ఆయన బావమరిది మల్లేశ్ కలిసి బండిని చెక్క దిమ్మల మీద నిలబెట్టి చక్రాలు ఊడదీశారు. పాత కట్టలు విప్పితే ఒక్కో పట్టీ అరిగి, మధ్యలో కాగితంలా పలచబడి ఉంది. కొత్త ఉక్కు కోసి, కాల్చి, ఒక్కో పట్టీకీ పైదాని కంటే రవ్వంత ఎక్కువ వంపు కొట్టాడు పరశురాం. బిగించినప్పుడు అవి ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలంటే ఆ రవ్వంత తేడాలోనే ఉంటుంది పనితనం. జనార్దన్ మీద ఎంత చులకన ఉన్నా ఉక్కు మీద లేదు కనుక, పనిలో వేలెత్తి చూపే తప్పు ఒక్కటీ చేయలేదు.

అయిదో రోజు పొద్దున జనార్దన్ భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. ఏదో పెళ్లికి పోతూ అలాగే బండి తీసుకుపోదామని. నిక్కి నిలబడ్డ బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కబోతే మొదటిసారి కాలు జారింది. రెండోసారి కడ్డీ పట్టుకుని, పొట్ట తలుపుకు రాసుకుంటూ పైకి చేరాడు. సుశీలకు మెట్టు అందలేదు. ఎల్లేష్ షెడ్డులోంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. ఆమె స్టూలెక్కి, పట్టుచీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, మారు మాట లేకుండా వెనక సీట్లోకి పాకింది. 'ఈమెను నిలబెట్టినా అంతే, కూసోబెట్టినా అంతే' అనుకున్నాడు పరశురాం. సర్పంచ్ అన్న ఎర్రటి అక్షరాల మీద ఆయనకు ఉమ్మేయాలనిపించింది.

"పరశురాం, ఇగ నీళ్లల్ల గూడ పోతది గద?" పైనుంచి అడిగాడు జనార్దన్.

పోదు. ఎత్తు పెరిగినా బండి నీళ్లలో ఆటబొమ్మలాగే ఉంటుంది. పారే నీరు పక్క నుంచి తోస్తే ఒరగడం ఇంకా తేలిక. ఆ సంగతి చెప్పడానికి రెండు మాటలు చాలు. కానీ ఈ మనిషికి రెండు మాటలు చెప్పాలంటేనే పరశురాంకు చిరాకు వేసింది.

"ఎందుకు పోదు పటేలా? గంత పెద్ద మనిషి లోపల కూసున్నంక మంజీర గూడ పక్కకు జరుగుతది."

మల్లేశ్ నవ్వు ఆపుకోలేక కొలిమి వైపు తిరిగాడు. జనార్దన్ ఆ మాటను పొగడ్తగా తీసుకుని చెయ్యి ఊపాడు. వెనక సీటు అద్దంలోంచి సుశీల ఒక్కసారి పరశురాం వైపు చూసింది. ఆయన ఆ చూపు పట్టించుకోలేదు.

ఆరు నెలలకు ముసురు పట్టింది. మంజీర నిండి పారుతోంది. ఏడుపాయల అమ్మవారి గుడి వైపు పోయే ఒక దారిలో చిన్న పాయ మీది కాజ్‌వే మునిగితే, ఊరివాళ్లు రెండు వైపులా తాడు కట్టి, ముళ్లకంప అడ్డం వేశారు. జనార్దన్ ఆ ఆదివారం భార్యతో వచ్చి, వరదలో కూడా అమ్మవారి దగ్గరికి పోయిన లీడర్ అనిపించుకోవాలని, ముళ్లకంప తీయించాడు. ఎల్లేష్ దండం పెట్టాడు. "నా తోని కాదు పటేలా, నాకు ఇద్దరు పిల్లలున్నరు." జనార్దన్ అతణ్ణి దింపేసి తానే స్టీరింగ్ దగ్గరికి జరిగాడు. వెనక సీట్లో ఉన్న ఆమెను దిగుతావా అని ఎవరూ అడగలేదు.

సగం దూరం పోయాక ఇంజిన్ నీళ్లు తాగి ఆగిపోయింది. ఎత్తైన బండి పక్కకు వరద ఆనుకుని తోసింది. వెనక చక్రం ఒకటి కాజ్‌వే అంచు దిగి, బండి ఒక వైపుకు ఒరిగి రాయికి ఆనుకుని నిలిచింది. ఊరివాళ్లు ట్రాక్టర్‌ను వెనక్కి నడుపుతూ ట్రాలీని దగ్గరికి తెచ్చేసరికి, జనార్దన్ కిటికీలోంచి బండి టాపు మీదికెక్కి, అక్కడి నుంచి ట్రాలీలోకి ఎగిరి దూకాడు. ఒడ్డున ఉన్న కుర్రకారు అంతా ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

తెల్లవారి ఆ వీడియో మెదక్ అంతా తిరిగింది. టీ హోటల్ దగ్గర మల్లేశ్ ఫోన్‌లో పరశురాం దాన్ని నాలుగుసార్లు చూశాడు. తెల్ల చొక్కా గాలికి ఉబ్బి, పంచె మోకాళ్ల పైకి పోయి, రెండు చేతులూ చాచి గాల్లో ఉన్న జనార్దన్ దగ్గర ప్రతిసారీ ఆపి, "చూడు చూడు, మంజీర పక్కకు జరిగిందా?" అంటూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. తన మాటే చెప్పి చెప్పి నవ్వించాడు. ఆ రోజంతా ఆయనకు పండుగ.

నెల దాటాక, ఇంజిన్ బాగుచేయించిన బండి మళ్లీ షెడ్డు ముందు ఆగింది. హారన్ మోగలేదు. ఎల్లేష్ దిగి స్టూలు వేశాడు. ముందు సీట్లోంచి సుశీల ఒక్కో కాలూ చూసుకుంటూ దిగింది. కుడి మోకాలికి కట్టు ఉంది.

"పటేల్ రాలేదా అమ్మా?" అడిగాడు పరశురాం.

"బండి నా పేరు మీదున్నది. ఆయనెందుకు?"

పరశురాం కుర్చీ తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"వీడియో చూసి మస్తు నవ్వినవంట."

ఆయన కుర్చీ తుడిచిన గుడ్డను భుజాన వేసుకున్నాడు.

"నవ్వు. నేను గూడ నవ్విన, ఆయన ఎగిరిన కాడ. ఆ తర్వాత ఏమున్నదో చూసినవా?"

"లేదమ్మా."

"నేను చెప్త. నీళ్లు నా నడుముదాక వచ్చినయి. తలుపు రాదు. ఆయనను ఎక్కించుకుని పోయిన ట్రాక్టర్ వరదకు మళ్ల రాలేకపోయింది. బండి కదిలినప్పుడల్లా ఇగ పోయిన అనుకున్న. అర్ధగంట. చేపలు పట్టేటోళ్లు ఇద్దరు తాడు కట్టుకుని వచ్చి నన్ను కిటికీల నుంచి గుంజిండ్రు. ఆ అర్ధగంట నాకు మా ఆయన మీద కోపం రాలే. ఆయన సంగతి ఇరవై ఏండ్ల నుంచి తెలుసు. నీ మాటే యాదికొచ్చింది."

"నా మాటనా?"

"ఆయనకు తెల్వదు. తెల్వక నిన్నడిగిండు. నీకు తెలుసు. తెలిసి పరాచికమాడినవ్. నేను వెనక కూసున్న, నన్ను చూసుకుంటనే ఆడినవ్."

"నవ్వులాటకు అన్న అమ్మా. పటేల్ నిజమనుకుంటడని..."

"అనుకుంటడని నీకు తెల్వదా? అనుకుంటడనే గద అన్నది?"

మల్లేశ్ కొలిమి బ్లోయర్ ఆపేశాడు. పరశురాంకు ఏదో అడ్డం చెప్పాలనిపించింది. ముందే పైలం అని చెప్పానని, వద్దంటే ఆయన వినేవాడు కాదని. అవన్నీ నిజమే. కానీ నీళ్ల సంగతి అడిగిననాడు తాను చెప్పింది మాత్రం అవేవీ కావు.

"బండి దించు," అంది సుశీల.

"ఎంత దించాలెనమ్మా?"

"నా కాలు ఆనేంత."

ఆమె బండి పక్కన నిలబడి, కట్టు ఉన్న కాలు నొప్పి రాకుండా ఎంత లేస్తుందో అంత లేపింది. పరశురాం మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఎత్తున తలుపు మీద సుద్దతో గీత గీశాడు. లేచేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేదు.

ఆమె ఆటోలో వెళ్లిపోయాక మల్లేశ్ దగ్గర ఫోన్ తీసుకుని పరశురాం వీడియో మొదటిసారి చివరిదాకా చూశాడు. జనార్దన్ దూకాక కెమెరా అతని వెంటే పోయింది. కానీ ఒక మూలన, ఒరిగిన బండి వెనక కిటికీలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి, పట్టుకోవడానికి ఏమీ దొరకక, అలాగే తెరుచుకుని ఉంది. వీడియో తీసినవాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు తాను టీ హోటల్లో నవ్విన నవ్వులాగే ఉంది.

మూడో రోజు జనార్దన్ ఎవరిదో మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. అప్పటికి బండి దిమ్మల మీద ఉంది. రెండు పట్టీలు తీసేసి, మిగతావాటి వంపు తగ్గించి ముందు కట్టలు వేసేశారు.

"ఎవడు దించుమన్నడు నిన్ను?" అని రోడ్డు వినేలా అరిచాడు.

"బండి ఎవల పేరు మీదున్నదో ఆమె."

"ఆమె ఎవరు? నేను చెప్తున్న, లేపు!"

పక్క షాపులవాళ్లు బయటికి వచ్చారు. మరోనాడైతే పరశురాం ఆ మనిషిని నాలుగు తీపి మాటలతో ఉప్పొంగించి, వెనక నుంచి అందరికీ కన్నుగీటేవాడు. అలాంటి మాటలు ఆయన నాలుక చివరనే ఉన్నాయి, కానీ అనలేదు.

"పటేలా, సాఫ్ చెప్తున్న వినుండ్రి. గీ బండి ఎత్తు మీకు పనికిరాదు. మీరు నడిపితే అసలే పనికిరాదు. నేను ఆ రోజే చెప్పాల్సి ఉండె, చెప్పలే. గది నా తప్పు. ఆమెను ఇడిసిపెట్టి దుంకింది మాత్రం మీరే."

ఎవరూ నవ్వలేదు. జనార్దన్ చుట్టూ చూశాడు. తన పక్షాన మాట్లాడేవాడు ఒక్కడైనా ఉంటాడేమోనని వెతికాడు. మోటార్‌సైకిల్ తెచ్చినవాడు కూడా నేల చూపులు చూస్తున్నాడు. "నీ షెడ్డు సంగతి చూస్త," అని ఎప్పుడూ అనే మాటే అని వెళ్లిపోయాడు. ఏమీ చూడలేదు. చూసేంత శక్తి ఆయనకు ఎన్నడూ లేదని ఆ పూట అందరికీ తెలిసిపోయింది.

బండి సిద్ధమయ్యాక సుశీల వచ్చింది. స్టూలు లేకుండానే, ఎల్లేష్ చెయ్యి అందించినా వద్దని, ముందు సీట్లోకి ఎక్కి కూర్చుంది.

"ఇప్పుడెట్ల నడుస్తది? నిజం చెప్పు."

"షాకులు పొడుగువి వేసినమమ్మా, బండి దించినంక అవి పనికిరావు. ముందు జత మార్చిన. వెనకవి హైదరాబాద్ నుంచి రావాలె, వారం పడతది. అప్పటిదాక గతుకుల కాడ నిమ్మళంగ పోవాలె. ఎక్కువ మందిని ఎక్కించద్దు. నీళ్లల్లకు ఎవరు చెప్పినా పోవద్దు, నేను చెప్పినా సరే."

ఆమె ఎల్లేష్ వైపు తిరిగి, "విన్నవా?" అంది. అతను తల ఊపాడు.

పని బాగుందనో, పోనీలే అనో ఒక మాట వస్తుందేమోనని పరశురాం తలుపు దగ్గరే నిలబడ్డాడు. సుశీల ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఆ చూపును పోల్చుకోవడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు. ముప్పై ఏళ్లుగా షెడ్డుకు వచ్చినవాళ్లను ఆయన అలాగే చూస్తున్నాడు.

"వారానికి వస్త," అని అద్దం ఎత్తించింది.

ఆ రోజే హైదరాబాద్‌కు ఫోన్ చేసి వెనక షాకులు రెండు పంపమని చెప్పాడు పరశురాం. వారం అన్నవి నాలుగు రోజులకే వస్తే, ఆమె వచ్చేదాకా ఆగకుండా మల్లేశ్‌ను వెంటబెట్టుకుని, షాకులనూ స్పానర్ల సంచినీ స్కూటర్ ముందు పెట్టుకుని, ఆ ఊరి పంచాయతీ ఆఫీసుకే పోయాడు. సుశీల లోపల ఎవరితోనో నీళ్ల పైపు గురించి గట్టిగా మాట్లాడుతోంది. ఆయన ఎవరినీ పిలవలేదు. బయట చెట్టు నీడన ఆగిన బండి కింద గోనె పరుచుకుని పడుకున్నాడు.