గుమ్మాలకు అంకెలు పడిన రోజులు

అమ్మ స్టూలెక్కి ద్వారబంధం పైచెక్కను బూడిదతో తోముతోంది. నేను కింద నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను. సున్నంతో వేసిన అంకె సగం పోయింది. మిగతా సగం తెల్లటి నీళ్ళయి అమ్మ మోచేతి మీదుగా కారుతోంది.

ఎదురింటి గుమ్మంలో రొట్టెల పిన్నిది కూడా అదే పని.

"మీది పోయిందా వదినా?"

"తొమ్మిదికి తోక మిగిలింది. నీదో?"

"పోయింది. మా ఆయన వీపు కూడా ఇంత శ్రద్ధగా ఎప్పుడూ రుద్దలేదు."

ఆ రోజుల్లో మా వీధికి ఇలాగే తెల్లారేది. పగలు ఆఫీసు మనుషులొచ్చి గుమ్మం గుమ్మానికీ అంకె వేసి వెళ్ళేవాళ్ళు. పొద్దున్నే లేచి మేం కడిగేసేవాళ్ళం.

అంతకుముందు ఇళ్ళకు అంకెలన్న మాటే లేదు. మాది వంకర మెట్టు ఇల్లు. అవతలిది చెవిటి తాత ఇల్లు. ఉత్తరం తెచ్చినవాడు నలుగురినీ అడుగుతూ వచ్చేవాడు. సైన్యంలోకి కుర్రాళ్ళను తీసుకుపోయేవాళ్ళు కూడా అలాగే అడుగుతూ వచ్చేవాళ్ళు. కానీ వాళ్ళకు మాత్రం ఎవరూ సరిగ్గా చెప్పేవారు కాదు. చెవిటి తాతయితే ఎవరింటికి దారి అడిగినా శ్మశానానికి దారి చూపించేవాడు. తిరిగి తిరిగి వాళ్ళకు విసుగు పుట్టింది. ఆ విసుగులోంచి పుట్టినవే ఈ అంకెలు. మనుషులు అబద్ధం చెప్తారు కానీ గుమ్మం చెప్పదు కదా. వానలు తగ్గాక చీటీలు తీస్తారట. ఏ అంకె వస్తే ఆ ఇంటి కుర్రాడు మూట కట్టుకోవాలట.

మా ఇంట్లో కుర్రాడంటే అన్నయ్య ఒక్కడే. తాళాలు చేసే కొట్లో పని నేర్చుకుంటున్నాడు. నాన్న పోయి చాలా కాలమైంది.

అమ్మ స్టూలు మీద ఉండగానే ఆఫీసు గుమాస్తా వీధి మలుపు తిరిగి వచ్చాడు. పిన్ని చప్పున లోపలికి పోయింది. అమ్మ మాత్రం తోమడం ఆపలేదు.

"కడుగు తల్లీ, కడుగు. ఇవాళే ఆఖరు," అన్నాడతను. "రేపట్నించి సున్నం కాదు, నూనె రంగు. గోకినవాళ్ళని జైల్లో కూర్చోబెడతారు."

"వానొచ్చి గోకితేనో? దాన్నీ కూర్చోబెడతారా?"

"నూనె రంగు వానకి లొంగదు. అందులోనూ మంచి పనివాణ్ణి పెట్టాం." అతను నవ్వాడు. "తెలీదా? మీ తమ్ముడే."

అమ్మ చేతిలోని పీచు కింద పడింది. నేను తీసి ఇవ్వబోతే అక్కర్లేదన్నట్టు తలూపి, నెమ్మదిగా స్టూలు దిగింది.

మామయ్య మా ఇంట్లోనే ఉంటాడు. అత్తయ్య పోయాక పెరటి గది ఆయనదైంది. ఊళ్ళో కొట్ల మీద బోర్డులన్నీ ఆయన రాసినవే. మధ్యాహ్నం ఆయన, అన్నయ్య భోజనానికి కూర్చున్నాక అమ్మ అడిగింది.

"గుమాస్తా చెప్పింది నిజమేనా?"

"నిజమే. పని ఇచ్చారు, ఒప్పుకున్నాను. నేను వేయకపోతే ఇంకొకడు వేస్తాడక్కా."

"ఇంకొకడు వేస్తే రెండు వానలకి పోతుందిరా. నువ్వు వేస్తే పోదు. అదే కదా నా ఏడుపు."

అన్నయ్య ఫక్కున నవ్వాడు.

"నువ్వు నవ్వకు. ఇదంతా నీ గురించే."

"చీటీల్లో మన అంకే రావాలని ఏముందమ్మా?"

"రాకూడదని ఏముంది?" అని అమ్మ మళ్ళీ మామయ్య వైపు తిరిగింది. "రంగులో నూనె పొయ్యకు. అడిగేది అంతే."

మామయ్య తింటున్న చెయ్యి ఆగింది. "నా చేత్తో నేనే పాలల్లో నీళ్ళు కలపాలా? ఆ మందుల కొట్టు బోర్డు చూడు. కొట్టాయన పోయాడు, ఆయన కొడుకూ పోయాడు. ఇప్పుడక్కడ గడియారాలు అమ్ముతున్నారు. నా అక్షరాలు మాత్రం ఇంకా మందులు మందులు అంటూనే ఉన్నాయి."

"అవును. కడుపునొప్పని వెళ్ళినవాడు గడియారం కొనుక్కుని వస్తున్నాడు," అన్నాడు అన్నయ్య.

మామయ్య నవ్వలేదు. "నా రంగు కారిపోయిందంటే మళ్ళీ ఈ ఊళ్ళో నన్ను బోర్డు రాయమనేవాడు ఉండడు. ఆఫీసువాళ్ళు ఊరుకుంటారా? నా వీపు చిట్లగొడతారు."

"నీ వీపుకి నేను కాపడం పెడతాను. అక్కడెక్కడో వీడికి దెబ్బ తగిలితే ఎవరు పెడతారు?"

ఆయన సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు. పెరట్లోకి పోతూ నాతో, "రేపటికి నల్లరంగు నూరి ఉంచు పిల్లా," అన్నాడు.

ఆయన రంగులు నూరేది నేనే. నేను పెద్దగా మాట్లాడను, తొందరపడను. అందుకే ఆ పని నాకిచ్చాడు. నల్లరంగంటే దీపం మసి, అవిసె నూనె. బండ మీద మసి పోసి, చుక్క చుక్కగా నూనె వేస్తూ, చేతిరాయితో గుండ్రంగా నూరాలి. మసిని చెక్కకి పట్టి ఉంచేది నూనే. అది లేకపోతే ఎంత చక్కగా వేసినా తడి తగలగానే కారిపోతుంది. ఇదంతా ఆయన నేర్పిందే.

ఆ సాయంత్రం బండ ముందు కూర్చున్నాను. నూనె డబ్బా నా కుడిచేతి పక్కనే ఉంది. ఎదురుగా తాడు మీద అన్నయ్య చొక్కా ఆరుతోంది. దానికి పెట్టగా మిగిలిన గంజి గిన్నెలో అలాగే ఉంది. కాసేపు చూశాను. లేచి ఆ గిన్నె తెచ్చుకున్నాను.

ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. మసి మొదట గంజి మీద తేలింది, వద్దన్నట్టు పక్కలకు జరిగింది. నూరగా నూరగా కలిసింది. తడిగా ఉన్నంతసేపూ నూనె రంగులాగే నిగనిగలాడింది. దాన్ని కుండలోకి ఎత్తుతుంటే అమ్మ వచ్చింది. మూత తియ్యని నూనె డబ్బాను చూసింది, ఖాళీ గంజి గిన్నెను చూసింది.

"చేతులు కడుక్కో," అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున గుమాస్తా ఇద్దరు జవాన్లతో వీధిలోకి వచ్చి నిలబడ్డాడు. మబ్బు పట్టి ఉంది. మామయ్య రంగు కుండ దగ్గర కూర్చుని కుంచె ముంచాడు. రోజూ చేసినట్టే బొటనవేలి గోటి మీద ఒక గీత గీసి, ఊది, రెండో వేలితో రుద్దాడు. నల్లటి పొడి రాలింది. గోరు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఎవరి పని ఇది?"

"నాది," అంది అమ్మ వంటింట్లోంచి.

"కాదు, నాదే మామయ్యా," అన్నాను.

అన్నయ్య చెప్పులు వేసుకుంటున్నవాడు ఆగిపోయాడు. మామయ్య నన్నే చూస్తున్నాడు. ఆయన నా మీద ఎప్పుడూ చెయ్యెత్తింది లేదు. అయినా ఒక అడుగు వెనక్కి వేశాను.

"మళ్ళీ నూరు. నూనె వేసి."

"నూరను."

"ఏమన్నావు?"

"నూరనన్నాను. బండ అక్కడే ఉంది, మసి ఉంది, నూనె ఉంది. కావాలంటే నువ్వే నూరుకో. వాటిని దాచిపెట్టలేదు. అన్నయ్యని పట్టించే అంకెకి మాత్రం నా చేత్తో రంగు నూరను."

ఇంట్లో అన్ని మాటలు ఒక్కసారిగా నేను మాట్లాడటం అదే మొదలు. అమ్మ గరిటె పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. నన్నేమైనా అంటాడేమోనని అన్నయ్య ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఏమయ్యా, పెళ్ళికొడుకులా ఎంతసేపు ముస్తాబవుతావు?" వీధిలోంచి గుమాస్తా కేకేశాడు.

మామయ్య లేచి నూనె డబ్బా అందుకున్నాడు. మూత తీశాడు. ఆయన చెయ్యి తిరిగిన మనిషి. గుమాస్తా ఒక చుట్ట కాల్చేలోపు వీధికి సరిపడా రంగు నూరుకోగలడు. అది నాకూ తెలుసు, అమ్మకూ తెలుసు. డబ్బా బండ మీదికి వంచాడు. నూనె అంచు దాకా వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది అమ్మ.

ఆయన డబ్బా నిలబెట్టి మూత బిగించాడు. గూట్లో పెట్టి, లోపలికంటా తోశాడు. గోటి మీది నలుపును పంచెకు తుడుచుకున్నాడు. నేను నూరిన రంగును కుంచెతో అడుగుదాకా ఒకసారి కలియబెట్టి, కుండ ఎత్తి చంకన పెట్టుకుని, మా ముగ్గురిలో ఎవరినీ పలకరించకుండా గుమ్మం దాటి వెళ్ళాడు.