ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు

"వాషింగ్ మిషన్ ఉతుకుతుంది, కుక్కర్ వండుతుంది. ఇంక ఇంట్లో పనేముందే మణీ?" అన్నారు మా ఆయన జాబేజ్. అప్పుడు నేను ఆయన సాక్సులు ఒక్కొక్కటే తిరగేసి మిషన్లో వేస్తున్నాను. మిషన్‌కి ఆ విద్య ఇంకా రాలేదు. బాపట్ల నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా అత్తగారిదీ అదే పాట. "మేం రోట్లో రుబ్బేవాళ్లం. మీకేంటమ్మా, అన్నీ మీటలే." ఔనత్తయ్యా అంటాను. ఆ మీటలు నొక్కే వేలు ఎవరిదని ఆవిడా అడగదు, నేనూ చెప్పను.

ఆ సాయంత్రమే నా ఉద్యోగం సంగతి చెప్పాను. ఇక్కడ సౌదీలో, మేముండే ఖమీస్ ముషైత్‌లోనే మందుల పెట్టెలకి లేబుళ్లు అచ్చువేసే ప్రెస్సు ఉంది. నకిలీ మందు ఇట్టే పట్టుబడేలా, మామూలు కంటికి కనపడని సిరా వాడతారు. దానికి కెమిస్టు కావాలి. ప్రెస్సు మేనేజరు సబీనా మేడమ్ హైదరాబాదావిడ. నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఏమిటో విని, "వర్క్ పర్మిట్ పని మేం చూసుకుంటాం, ఆదివారంలోగా ఏ సంగతీ చెప్పండి" అంది. మా అమ్మాయి షైని పుట్టక ముందు నుంచీ ఆయన ఇకామా అనే నివాస పర్మిట్ మీద డిపెండెంట్‌గా ఉన్నదాన్ని. ఆ మాట విని మెట్లు ఎలా దిగానో నాకే తెలీదు.

జాబేజ్ మాత్రం అన్నం కలుపుతూ, "మరి ఇల్లెవరు చూస్తారు?" అన్నారు.

పొద్దున లేని పని సాయంత్రానికి ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో. ఒళ్లు మండింది నాకు. కానీ కోపంగా చెప్పిన మాట మా ఇంట్లో మాట కింద లెక్కకి రాదు, "నీకు బీపీ పెరిగింది, పడుకో" అనేస్తారు. అందుకని నవ్వాను. నాకు యూరోపియం గుర్తొచ్చింది.

యూరోపియం విరళ మృత్తిక లోహాల్లో ఒకటి. ఒంటరిగా ఉంటే దానికి వెలుతురు పట్టుకోవడం సరిగా చేతకాదు. చుట్టూ కర్బన అణువుల్ని కట్టి కాంప్లెక్స్ చేస్తే, ఆ అణువులు అతినీలలోహిత కాంతిని పట్టి తెచ్చి దాని చేతికందిస్తాయి. అప్పుడది ఎర్రగా ధగధగలాడిపోతుంది. పసిపిల్లల మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో జబ్బు జాడ పట్టడానికీ ఆ వెలుగే పనికొస్తుంది. మోసేది చుట్టూ ఉన్న అణువులు, పేరు నడిమధ్యన కూర్చున్నాయనది. ఎమ్మెస్సీలో ఇది బట్టీ పట్టాను. అర్థమైంది మాత్రం పెళ్లయ్యాకే.

సబీనా మేడమ్ రెండు శాంపిల్ పెన్నులూ, ఒక చిన్న యూవీ టార్చీ ఇచ్చింది. నూనె, సబ్బు, వేడి తగిలితే సిరా నిలుస్తుందో లేదో ఇంట్లో వాడి చూడమంది. ఒకదాంట్లో యూరోపియం, టార్చి వేస్తే అది ఎర్రగా వెలుగుతుంది. రెండోదాంట్లో టెర్బియం, అది ఆకుపచ్చ. శుక్రవారం సెలవు. పొద్దున్నే ఆకుపచ్చది ఆయన చేతిలో పెట్టాను.

"ఏం పని చేస్తే దాని మీద ఒక చుక్క పెట్టండి. నేనూ పెడతాను. సాయంత్రం చూద్దాం."

"ఓస్, ఇంతేనా? గెలిస్తే ఏమిస్తావ్?"

"ఆ ఉద్యోగం మాట మళ్లీ ఎత్తను."

అనేశాక, తొందరపడ్డానా అనుకున్నాను. ఆయన మాత్రం హుషారుగా పెన్ను జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రం కర్టెన్లు మూసి, లైట్లు ఆర్పి, టార్చి షైనికిచ్చాం. రెండో తరగతి పిల్ల, దానికిదంతా గుప్తనిధుల వేట. స్టవ్ మీటలు ఎర్రగా వెలిగాయి. గిన్నెల పిడులు, చీపురు కర్ర, చెత్తబుట్ట మూత, దిండు గలీబుల అంచులు, షైని షూ లేసులు, కమోడ్ బ్రష్షు, ఆయన చొక్కాకి ఊడి మళ్లీ కుట్టిన గుండీ. టార్చి ఎటు తిప్పితే అటు ఎరుపే. జాబేజ్ ముందు నవ్వారు, తర్వాత ఊఁ అన్నారు.

"నాన్నవేవీ?" అంది షైని.

వెతగ్గా వెతగ్గా దొరికాయి. టీవీ రిమోట్ మీద ఒకటి. కారు తాళం మీద ఒకటి. సోఫా చేతి మీద ఒకటి. టీ కప్పు చెవి మీద ఒకటి.

"కప్పు మీద ఎందుకు పెట్టారండీ?"

"తాగాను కదా," అన్నారాయన. అని, ఆ మాట తన చెవినే పడి, తల గోక్కున్నారు. పాపం, మోసం చేయలేదు. తాగడం కూడా పనేనని నిజంగానే అనుకున్నారు. నాకు నవ్వాగలేదు. ఆయనకీ ఆగలేదు.

ఇంతలో షైని టార్చి నా మీదికి తిప్పింది. "అమ్మా, అన్నిటికంటే నీ చేతులే వెలుగుతున్నాయే."

చూసుకున్నాను. పొద్దుటి నుంచి అంటిన సిరా, వేళ్ల సందుల్లో, గోళ్ల చుట్టూ ఎర్రగా మెరుస్తోంది. ఎన్నిసార్లు కడిగినా పోలేదు. సబీనా మేడమ్‌కి చెప్పాల్సిన మొదటి సంగతి అదే. ఆ వెలుగులోనే ఫోన్ తీసి, "వస్తున్నాను మేడమ్" అని మెసేజ్ పెట్టాను. జాబేజ్ నా భుజం మీదుగా చదివారు.

"మరి..." అని మొదలెట్టారు.

ఎర్ర పెన్ను ఆయన జేబులో పెట్టి, ఆకుపచ్చది నేను తీసుకున్నాను. సోఫాలో కాళ్లు మడుచుకుని కూర్చుని, ఖాళీ కప్పు చెవి మీద నాదీ ఒక చుక్క పెట్టి, ఆయనకి అందించాను.

"పంచదార తక్కువ," అన్నాను.