ఏ రంగు బెల్టు?

తేజస్వినికి నడుంనొప్పి ఏడాదిగా ఉంది. ఆ సంగతి కరాటే సారు సైదులుకి తెలిస్తే రాష్ట్ర పోటీల టీములోంచి తీసేస్తాడని దాని భయం. అందుకే చెప్పనని తల్లి వేదవతి చేత ఒట్టు వేయించుకుంది.

ఎల్బీనగర్‌లో కూరగాయల దుకాణం దగ్గర ఆ సైదులు సారే ఎదురయ్యాడు. "ఏంది మేడం, తేజు క్లాసుకొస్తలేదు?"

అబద్ధం చేతకాక వేదవతి సగం నిజం చెప్పింది. "దిల్‌సుఖ్‌నగర్‌లో బెల్టు ఇచ్చారండీ. కొన్నాళ్లు అది కట్టుకుని ఇంట్లోనే ఉండమన్నారు."

సారు మొహం మాడిపోయింది. "నా స్టూడెంటుకు బెల్టు ఇయ్యనీకి వాళ్లెవరు? ఏ రంగు?"

"నల్లదేనండీ."

"బ్లాక్ బెల్టా! గా దిల్‌సుఖ్‌నగర్ కరాటే క్లాసోళ్లు బెల్టులు అమ్ముకుంటున్నరా ఏంది? అక్కడ చేరినంక ఇగ మా టీముల ఎట్లుంటది?"

నొప్పి దాచబోతే ఏకంగా టీమే పోయేట్టుంది. "ఇచ్చింది ఎముకల డాక్టరండీ, నడుముకి!" అనేసింది వేదవతి.

సారు అటూ ఇటూ చూసి చొక్కా కొంచెం ఎత్తాడు. లోపల అలాంటి నల్ల బెల్టే, వెల్‌క్రో పట్టీలతో సహా.

"నడుంనొప్పి ఉన్నోళ్లను తీసేస్తే టీముల ఎవరుంటరు మేడం? ముందు నేనే పోవాలె. కిక్కులు బంద్ పెట్టి, డాక్టర్ చెప్పిన ఎక్సర్‌సైజులు చేయమనుండ్రి. నేనైతే పేరు తియ్యను."

వేదవతి ప్రాణం కుదుటపడింది. పడగానే ఓ సందేహం కూడా వచ్చింది.

"క్లాసులో రెండు బెల్టులూ కడతారు కదా, ముందు ఏది కడతారండీ?"

"డాక్టర్‌దే మేడం. లేకుంటే రెండోది కింద పడితే వంగి తీసుకోనీకి రాదు."