బోర్లెయ్యని గ్లాసు

“చెవులు పనిజేస్తలేవా నీకు? రెండు మసాలా దోశ చెప్పి ఎంత సేపాయె?” సుశాంత్ టేబుల్ మీద గుద్దిండు. గ్లాసుల నీళ్లు ఎగిరి వైశాలి చున్నీ మీద పడ్డయి.

సర్వర్ మొగులయ్య ఆగనన్న ఆగలే. “జర ఓపిక పట్టున్రి సార్. సగం టేబుళ్ల మీద నీడలే ఉన్నయి, నేనేం జేయాలె?”

నిజమే. ఆబిడ్స్ సందుల ఉన్న ఆ హోటల్‌ల నుంచి తినకుంట లేసిపోవాలంటే ఒక పద్ధతున్నది. గ్లాసు బోర్లేసి, సర్వర్ మొఖం చూసి “పోతున్నమన్నా” అనాలె. గంతే. తిట్టుకుంట పోయినోళ్ల నీడ కుర్చీలనే ఉండిపోతది, ఆర్డర్ కోసం ఎదురుచూసుకుంట. ఫ్యాను కింద ఇద్దరు లాయర్ల నీడలు. కౌంటర్ పక్కన ఒక ఫ్యామిలీ నీడ, చంకల పిల్లతో సహా. వీళ్లందరికి గూడ మొగులయ్యనే నీళ్లు పోయాలె. అందుకే లేటు. లేటైతుందని ఇంకొకలు లేసిపోతరు. మళ్ల ఇంకో నీడ.

వైశాలి తలనొప్పి వేరే. సుశాంత్ ఆమెకు వచ్చిన సంబంధం. “ఇద్దరు పోయి మాట్లాడుకోన్రి” అని పెద్దోళ్లు పంపిన్రు. పొద్దుగూకేలోపు అమ్మకు ఔనో కాదో చెప్పాలె. ఇప్పటిదాక అతను మాట్లాడింది బండి మైలేజీ ముచ్చటే.

“లే, పోదాం పా.”

“ఆయనకు ఒక్క మాట చెప్పి పోదాం.”

“సర్వర్‌కా? నేనా?” కుర్చీ తన్ని ఎల్లిపోయిండు. ఆమె వస్తుందా లేదా అని గూడ చూడలే.

నీడ మిగిలింది. తన్నిన కుర్చీ సర్దుకోని కూసున్నది. తడిసిన చున్నీ చూసి టిష్యూల డబ్బా ఆమె దిక్కు జరిపింది. ఆఖరికి ఒక్కటే దోశ వస్తే, ప్లేటు ఆమె ముందుకే నెట్టింది.

తిన్నంక వైశాలి సుశాంత్ గ్లాసు తనే బోర్లెయ్యబోయింది.

“ఎవలి గ్లాసు వాళ్లే బోర్లెయ్యాలె బిడ్డా,” అన్నడు మొగులయ్య.

బయట మిట్టమధ్యాహ్నం ఎండల సుశాంత్ బండి మీద కూసోని హారన్ కొడుతుండు. కింద బండి నీడ ఒక్కటే ఉన్నది.

“మీ నీడ లోపల్నే ఉన్నది. జర పోయి ఒక్క మాట చెప్పి రాన్రి.”

“ఉంటే ఉండనీ. దాంతోని నాకేం పని?”

సాయంత్రం నాంపల్లి మెట్రో మెట్ల మీద ఉండంగ అమ్మ ఫోన్ చేసింది. “పిలగాడు నచ్చిండా బిడ్డా?”

“సగం నచ్చిండమ్మా.”

“గదేం మాట?”

“ఇంకో సగం నాతోని కాదు. వద్దని చెప్పు.”

ఇప్పుడు వైశాలి రోజు లంచ్‌కు గా హోటల్‌కే పోతది. దోశ ఎప్పటిలెక్కనే లేటు. ఆమె తిట్టుకుంటది గని లేవది. ఎదురుంగ నీడ టిష్యూల డబ్బా జరిపి, చేతులు కట్టుకోని ఆమెతోపాటు ఆగుతది.

నిన్న హోటల్ నిండిపోయి ఉన్నది. ప్లేటు పట్టుకోని నిలబడ్డ ఒకాయన మర్యాదగనే అడిగిండు: “మేడం, ఈ నీడ మీవోళ్లదేనా? జర లేపుతరా?”

మీరే చెప్పున్రి, ఏమని చెప్పాలె ఆమె?