కలవని పసుపు పట్టీలు

ఇరవై ఏళ్లుగా రైల్వే షెడ్డులో బొగ్గింజన్లకు రంగులు వేసిన పెయింటరు జగన్నాధానికి 1968లో మొదటిసారి డీజిలింజను అప్పగించారు. విజయనగరం నుంచి విశాఖపట్నం ఆఫీసులకు పోయేవాళ్లెక్కే పొద్దుటి పాసింజరుకు మర్నాటి నుంచి దాన్నే కడతారు. ముదురెరుపు ఒంటి మీద రెండు పక్కలా పసుపు పట్టీలు. అవి ముందుకొచ్చి మూతి మీద కలవాలి.

కొలతల కాగితం ఇంగ్లీషులో ఉంది. జగన్నాధానికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. తోటి పెయింటరు అబ్రహాం మిషను బడిలో చదివినవాడు.

"సదివి సెప్పమంటావా, మావా?" అన్నాడు.

"నాకు సెప్పీవోడివైపోనావేట్రా? నీ పక్క నువ్వు సూసుకో."

కుడిపక్క అబ్రహాం, ఎడమపక్క జగన్నాధం గీశారు. సాయంత్రం మూతి దగ్గరకొచ్చేసరికి ఎడమ పట్టీ నాలుగు వేళ్లు కిందికుంది. సరిగ్గా అప్పుడే ఫోర్‌మన్ వచ్చాడు.

"ఎడమపక్క ఎవరు వేశారు?"

"అబ్రహామండి," అన్నాడు జగన్నాధం.

అబ్రహాం అతని వైపు ఒక్కసారి చూసి, కుంచె డబ్బాలో పెట్టేశాడు. అతన్ని సస్పెండు చేశారు.

మళ్లీ వేసే వ్యవధి లేక ఇంజను అలాగే వెళ్లింది. "దీని మొలతాడు జారిపోనాదిరా!" అన్నారెవరో ప్లాట్‌ఫారం మీద. అందరూ నవ్వారు. జగన్నాధం స్తంభం చాటున నిలబడ్డాడు.

ఆదివారం గరివిడిలో అబ్రహాం ఇంటికి వెళ్లాడు. భార్య అన్నమ్మ గ్లాసుతో నీళ్లిచ్చింది.

"పని పాడుసేసినాడంట బాబూ. పెద్దోరు, మీరే కాసింత నేర్పాల."

అబ్రహాం బయటికొచ్చాడు.

"ఇంట్లో ఎందుకు సెప్పలేదురా?" అన్నాడు జగన్నాధం మెల్లగా.

"నువ్వే సెప్తావని సూస్తన్నాను."

జగన్నాధం అన్నమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, అది పాడుసేసినోడ్ని నానే. నాకా కాగితం సదవడం రాదు. ఈడి మీద అబద్ధం సెప్పినాను."

అన్నమ్మ అతని చేతిలోని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

సోమవారం ఫోర్‌మన్ ముందు కూడా అదే చెప్పాడు. అబ్రహాంను పనిలోకి పిలిచారు; పట్టీ అతనే సరిదిద్దాడు. జగన్నాధాన్ని గూడ్సు పెట్టెలకు నంబర్లు రాసే పనికి మార్చారు. ఎదురుపడితే అబ్రహాం ఎప్పటిలా పలకరించేవాడు. జగన్నాధమే తలెత్తి జవాబు చెప్పలేక, యార్డు వెనక దారిన పోవడం అలవాటు చేసుకున్నాడు.